పసుపు దీపపు పూర్వచరిత్ర

పాత ట్రక్కులు నడుపువారికి చిరపరిచితమైన వేదన యొకటి కలదు. స్టీరింగు వెనుక ఇంజను బొమ్మగల పసుపు దీపము చలి ఉదయమున వెలుగును. నాలుగు దినములకు తనంత తానే ఆరిపోవును. బండిని షెడ్డుకు చేర్చిన నాడు ఎంత వేచియున్నను వెలుగదు. ఈ చంచలత్వమునకు కారణ మెరుగవలెనన్న, ఆ దీపము ఎవరికొరకు పుట్టినదో తెలిసికొనవలెను.

1943 జూలైలో లాస్ ఏంజెల్స్ నగరమును కన్నులు మండించు పొగ యొకటి కప్పివేయగా, యుద్ధకాల మగుటచే, అది శత్రువుల విషవాయువేమో యని జనులు భయపడిరి. అంతవరకు అనాసపండు పరిమళమును శోధించుచుండిన రసాయన శాస్త్రజ్ఞుడు ఏరీ హాగెన్-స్మిట్, వాహనముల నుండియు చమురు కర్మాగారముల నుండియు వెలువడు ఆవిరులు, నైట్రోజన్ ఆక్సైడులతో కూడి, ఎండలో ఓజోనుగా పరిణమించుచున్నవని 1950 దశకారంభమున నిరూపించెను. తరువాత చట్టములు వచ్చెను. పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికి పంపు ఇ.జి.ఆర్. వాల్వు వచ్చెను, 1975 నాటికి పొగను శుద్ధిచేయు కెటలిటిక్ కన్వర్టరు వచ్చెను. అయితే కర్మాగారము నుండి శుభ్రముగా వెడలిన బండి పదేండ్లకు కూడ శుభ్రముగానే యుండునని నమ్మకమేమి? అందుచే 1988 మోడలు బండ్లతో ఆరంభించి, బండియే తన దోషమును తానే గుర్తించి దీపము వెలిగింపవలెనని కాలిఫోర్నియా ప్రభుత్వము శాసించెను. ఆ దీపము ఊరివారి ఊపిరితిత్తుల పక్షమున నిలిచిన కావలివాడు.

ఆనాటి జనరల్ మోటార్స్ ట్రక్కులకు స్కానరు లేకున్నను పని జరిగెడిది. డాష్‌బోర్డు క్రింద పండ్రెండు రంధ్రముల సాకెట్టులో ‘ఎ’, ‘బి’ గడులను వంచిన పేపరు క్లిప్పుతో కలిపి, ఇంజను నడపక తాళము త్రిప్పిన, దీపము మినుకుమనును: ఒక మినుకు, విరామము, రెండు మినుకులు. అది 12, వ్యవస్థ మాటలాడగలదని దాని యర్థము. ‘కోడు’ అనబడు ఒక్కొక్క సంఖ్య మూడుసార్లు వచ్చును. పిమ్మట మూడు మినుకులు, విరామము, రెండు మినుకులు కనబడెనా, 32; ఇ.జి.ఆర్. వైపు చూడుమని సూచన. కాగితము, పెన్సిలు పట్టుకొని మినుకులను లెక్కించిన ఆ మెకానిక్కుల ఓర్పు నాకు మిక్కిలి గౌరవాస్పదము.

1996 నుండి అమెరికా కార్లకును చిన్న ట్రక్కులకును పదునారు సూదుల ఏకరూప సాకెట్టు నిర్బంధమయ్యెను. కొత్త నియమములలోనే దీపపు చంచలత్వము ఇమిడియున్నది. పెక్కు దోషముల విషయమున, ఒకే దోషము వరుసగా రెండు ప్రయాణములలో కనబడినగాని దీపము వెలుగదు. మూడు ప్రయాణములలో పరీక్ష నెగ్గిన ఆరిపోవును. అటుపై ఇంజను నలుబదిమార్లు చల్లబడి వేడెక్కినంతనే కోడు కూడ చెరిగిపోవును. పెట్రోలు ఆవిరుల పరీక్షయైతే మరింత సున్నితము. ట్యాంకు గొట్టములలో శూన్యత కల్పించి, అది నిలుచునా యని కంప్యూటరు చూచును. ఒక మిల్లీమీటరు రంధ్రమైనను పట్టుబడును. కాని ఇంజను చల్లబడి యుండవలెను, ట్యాంకు నిండుగా గాని ఖాళీగా గాని ఉండరాదు. కావున బంకులో నిండా పోయించి షెడ్డుకు తెచ్చిన బండిలో ఆ పరీక్షయే జరుగదు.

ట్యాంకుపై నున్న రబ్బరు గొట్టమును గమనింపుడు. వయసు మీరి బీటవారిన రబ్బరు తెల్లవారుజామున బిగిసి నోరు తెరచును, మధ్యాహ్నపు వేడికి మెత్తబడి మూసికొనును. అనుభవజ్ఞుడు బండిని రాత్రియంతయు షెడ్డులోనే ఉంచుకొని, ఉదయమున గొట్టములోనికి పొగ నెక్కించి, దీపము చేతబట్టి వెదకును. తలవెండ్రుక వంటి పొగతీగ యొకటి ఎచ్చటనో లేచును. కోడు చూచినంతనే సెన్సారు మార్చువాడు యజమాని ధనమును వ్యర్థము చేయుచున్నాడని నా దృఢాభిప్రాయము. కోడు వెదకవలసిన వీధిని చెప్పును గాని ఇంటిని చెప్పదు.

దోషము కనబడిన క్షణమున ఇంజను వేడి, బండి వేగము, ఇంజను భ్రమణ సంఖ్య మున్నగునవి కంప్యూటరు జ్ఞాపకమున నిలుచును. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజ్-6 లారీలలోను ఇట్టి దీపమే కలదు. కావున బ్యాటరీ తీగ ఊడదీసి దీపమును ఆర్పుటకు ముందు, దయచేసి ఆ అంకెలను ఒక కాగితముపై వ్రాసికొనుడు.