పన్ను లెక్కలో బంధువర్గం

ఆదాయపు పన్ను రిటర్నులో తన మీద ఆధారపడిన బంధువులను చూపి మినహాయింపు పొందే వీలు భారతదేశంలో ఎప్పుడూ కొద్దిపాటిదే. ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఎక్కువగా టీచర్లకు, బ్యాంకు, రైల్వే ఉద్యోగులకు వస్తుంది. సేద్యపు ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు గనుక రైతు ఇళ్లకు దీనితో అంత పనిలేదు.

చట్టం మొదట గుర్తించింది ఉమ్మడి కుటుంబాన్ని. 1886 చట్టం హిందూ అవిభక్త కుటుంబాన్ని పన్ను కట్టే ఒక 'వ్యక్తి'గా లెక్కించింది. 1922, 1961 చట్టాలు అదే దారిన నడిచాయి. కుటుంబం ఒకసారి పన్ను కట్టాక సభ్యుడికి దక్కిన సొమ్ము మీద మళ్లీ పన్ను లేదు. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కునిచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 నుంచి అమలైంది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది. అయితే ఇదంతా ఆస్తి ఉన్న ఇంటి సంగతి. జీతం ఉమ్మడి ఆదాయం కాదు. ఒక్క జీతం మీద పదిమంది తినే ఇంటికి ఈ ఏర్పాటు అక్కరకు రాదు.

ఆ ఇంటికి మిగిలినవి కొన్ని సెక్షన్లే. 1986లో వచ్చిన 80డి ఆరోగ్య బీమాకు సంబంధించినది. తల్లిదండ్రుల ప్రీమియానికి అందులో వేరే పరిమితి ఉంది, వాళ్లు మన మీద ఆధారపడకపోయినా సరే. అత్తమామలకు మాత్రం చోటు లేదు. 80డిడి కింద వైకల్యం ఉన్న ఆధారితుల కోసం 75,000, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయలు తగ్గించుకోవచ్చు. ఇక్కడివాళ్లు సదరం సర్టిఫికెట్ అని పిలిచే వైకల్య ధ్రువపత్రం వంటిది చేతిలో ఉండాలి. చికిత్స ఖర్చుకు మినహాయింపునిచ్చే 80డిడిబి జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఉంది; ఫ్లోరైడ్ నీళ్లకూ కిడ్నీ జబ్బులకూ పేరుపడిన ఈ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. ఈ చివరి రెండు సెక్షన్లలోనూ వ్యక్తికి ఆధారితులంటే భార్య లేక భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. నాయనమ్మ, మేనత్త, చిన్నాన్న లెక్కలోకి రారు.

బహుమతుల దగ్గర చట్టం మాట మారుతుంది. మేనమామ ఎంత ఇచ్చినా మేనల్లుడికి పన్ను లేదు. అదే మేనల్లుడు వయసు మళ్లిన మామకు ఏడాదిలో 50,000 దాటి ఇస్తే ఆ మొత్తం మామ ఆదాయమవుతుంది. పెట్టిన చెయ్యిని గుర్తించి, పెట్టించుకునే ముసలాయన్ని మరిచిన నిర్వచనమిది.

2020లో తెచ్చిన కొత్త పన్ను విధానంలో పైన చెప్పిన మూడు సెక్షన్లూ వర్తించవు. 2023-24 నుంచి అదే డిఫాల్ట్; పాత విధానం కావాలంటే విడిగా ఎంచుకోవాలి. 1961 చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి రావడంతో పైన చెప్పిన సెక్షన్ల నంబర్లూ మారాయి.

అమెరికాలో స్థిరపడిన ఇక్కడి పిల్లలకు ఎదురయ్యేది ఇంకో తీరు. అక్కడ ఆధారితుల్లో అత్తమామలు, మేనమామలు, పిన్నమ్మలు కూడా ఉన్నారు. కానీ వాళ్లు అమెరికా పౌరులో, పన్ను చట్టం దృష్టిలో అక్కడి నివాసులో, కెనడా, మెక్సికో వాసులో అయివుండాలి. గిద్దలూరులో ఉన్న తండ్రికి నెలనెలా డబ్బు పంపినా ఆయన్ని చూపడం కుదరదు. 2018 నుంచి ఇలాంటి ఆధారితుల మీద దక్కేది 500 డాలర్ల క్రెడిట్. తండ్రి కొడుకు దగ్గరే ఉండిపోయి నివాసిగా లెక్కకొచ్చినా ఆదాయ పరిమితి ఉంది. 2024కు అది 5,050 డాలర్లు. రిటైరైన టీచరు పింఛను చాలాసార్లు దాన్ని దాటిపోతుంది.