పిల్లలున్న ఇంట్లో బరువుల కసరత్తు: ఎర్రగుంట్ల ప్రాంతం

బరువుల కసరత్తు అంటే కండరాలకు అలవాటైన దానికంటే కాస్త ఎక్కువ భారం మోపి, తేరుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆ భారాన్ని విడతలు విడతలుగా పెంచుతూ పోవడం. ఆ భారం ఇనుప ప్లేట్లే కానక్కర్లేదు. సొంత ఒళ్ళు, నీళ్ళ క్యాను, ఇసుక నింపిన డబ్బా, బియ్యం మూట, ఏదైనా పనికొస్తుంది. జిమ్‌కు పోను రాను తీరిక లేని తల్లిదండ్రులు ఇంటిపట్టునే, వారానికి రెండు మూడు రోజులు, అరగంట లోపు ముగించుకోగల వ్యాయామం ఇది. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం 2 రోజులు ఒంట్లోని ప్రధాన కండరాలన్నింటికీ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు అంటున్నాయి. ఇందులో మొదటిది వాకింగ్ పేరుతో ఊరూరా పాకింది. రెండోదాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. 30 ఏళ్ళు దాటాక, పని చెప్పని కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా తరుగుతుంది. పిల్లల్ని చంకనెత్తుకుని తిరిగే వయసూ దాదాపు అదే.

కడప జిల్లా ఎర్రగుంట్ల గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గంలో జంక్షను. నంద్యాల లైను వచ్చి కలిసేది ఇక్కడే. చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. అందుకే సిమెంటు ఫ్యాక్టరీలు, బండల గనులు, పాలిష్ మిషన్లు ఈ తట్టునే ఎక్కువ. కలమల్ల దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాంతో ఇక్కడి ఇళ్ళలో చాలావాటికి షిఫ్టుల జీవితమే. కొందరు రాత్రంతా కంట్రోల్ రూములో కుర్చీకి అతుక్కుని ఉంటే, కొందరు పగలంతా బండలు లారీకెత్తుతారు. ఈ ఇద్దరికీ ఒకే కసరత్తు చెప్పడం కుదరదు.

బండలు మోసేవాడికి మళ్ళీ కసరత్తు ఎందుకనే ప్రశ్న న్యాయమైనదే. పనిలో బరువు ఎప్పుడూ ఒకే తీరున, ఒకే వైపు నుంచి పడుతుంది. ఎంత ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది మనిషి కాదు, లోడు. ఒళ్ళు తేరుకునే వ్యవధి అందులో ఉండదు. అందువల్ల కూలిపని చేసేవాళ్ళలో కాళ్ళు, నడుము గట్టిగా ఉన్నా, భుజాలు ముందుకు వంగిపోవడం, నడుము ఒక పక్కనే నొప్పి పెట్టడం మామూలు. అలాంటివాళ్ళకు ఇంట్లో కావలసింది మరింత బరువు కాదు. పనిలో రాని కదలికలు, అంటే వీపుతో లాగడం, తల మీదికి ఎత్తడం, పొట్ట కండరాలను బిగబట్టి నిలపడం, వారానికి రెండుసార్లు తేలిక బరువుతో చేస్తే చాలు. కూర్చుని పనిచేసేవాళ్ళు మాత్రం మొదటి మెట్టు నుంచీ ఎక్కాల్సిందే.

ఇంటి సామానుతో కండ పెంచడం తెలుగు నేలకు కొత్తేమీ కాదు. సాము గరిడీల్లో, తాలింఖానాల్లో దండేలు, బస్కీలే ప్రధానం. వాటికి మట్టినేల తప్ప మరేమీ అక్కర్లేదు. మల్లయోధుడిగా దేశమంతా పేరు మోసిన కోడి రామ్మూర్తి నాయుడు పెరిగింది ఈ తరహా సాధనలోనే. అయితే ఆ సంప్రదాయం పెళ్ళికాని కుర్రాళ్ళది. ఇల్లాలికి, బిడ్డల తల్లికి అందులో చోటు లేదు. ఆ గీతను చెరిపినవాళ్ళలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి ముందుంటారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ ఆమే. మరుసటి ఏడాది కొడుకు పుట్టాడు. ఆ తర్వాత మళ్ళీ సాధన మొదలుపెట్టి 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ బరిలో దిగారు. అక్కడ ఫలితం దక్కలేదు గానీ, కాన్పు తర్వాత ఆ స్థాయి బరువుల దగ్గరికి తిరిగి రావడమే ఈ వ్యాసానికి కావలసిన సంగతి.

ఈ కసరత్తుకు మూలసూత్రం క్రమంగా భారం పెంచడం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికుల మోకాళ్ళకు బలం తెప్పించడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ దీన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. 10 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువును ముందు కనుక్కుని, అందులో సగంతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, చివర పూర్తి బరువుతో పదిసార్లు చేయించేవాడు. ఇప్పటికీ చాలా ప్రణాళికలకు పునాది ఇదే. తొలి వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ వాటా కండది కాదు, నరాలది. ఉన్న కండనే మెదడు మరింత సమర్థంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ కంటికి కనబడేలా పెరగడానికి రెండు నెలలైనా పడుతుంది. మూడో వారానికే అద్దం ముందు నిలబడి నిరాశపడి మానేసేవాళ్ళకు ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే మేలు.

సామాను విషయంలో ముఖ్యం ధర కాదు, తూకం తెలియడం. ఎంత ఎత్తుతున్నామో తెలియకపోతే ఎంత పెంచాలో తెలియదు. లీటరు నీళ్ళు కిలో. 20 లీటర్ల మినరల్ వాటర్ క్యాను నిండుగా ఉంటే 20 కిలోలకు కొంచెం పైన. పొడి ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు తూగుతుంది కాబట్టి, ఖాళీ అయిన 5 లీటర్ల నూనె క్యానును ఇసుకతో నింపితే 8 కిలోలు. సగం నిండిన నీళ్ళ క్యాను కంటే ఇసుక క్యానే మొదట్లో మేలు. నీళ్ళు అటూ ఇటూ తొణికి బరువు చేతిలో కదులుతుంది, మణికట్టు మెలిపడుతుంది. ఇక ఎర్రగుంట్లలో ఎవరింటి వెనక చూసినా మిగిలిపోయిన కడప బండ ముక్కలు ఉంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న ముక్క 6 కిలోలు దాటుతుంది. దాన్ని నేరుగా చేత్తో పట్టుకోకూడదు. అంచు కోస్తుంది, చెమట పట్టిన చేతిలోంచి జారుతుంది. పాత గుడ్డ చుట్టి పిల్లల పాత స్కూలు బ్యాగులో పెట్టి, జిప్పు వేసి, ఆ బ్యాగును వీపుకు తగిలించుకోవచ్చు లేదా గుండెకు హత్తుకోవచ్చు. ఒక్కో ముక్క కలుపుతూ పోతే బరువు 6, 12, 18 అని పెరుగుతుంది. ఈ అంతరం మరీ ఎక్కువనిపిస్తే నడుమ కిలో ఉప్పు ప్యాకెట్లు సర్దుకోవచ్చు. 50 కిలోల సిమెంటు మూట మాత్రం కసరత్తు సామాను కాదు. పట్టు దొరకదు, చిరిగితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఒంట్లోని పెద్ద కండరాలన్నింటికీ ఐదు కదలికలు సరిపోతాయి: కూర్చుని లేవడం, నడుము దగ్గర మడిచి నేల మీది బరువు ఎత్తడం, చేతులతో నెట్టడం, లాగడం, మోసుకుని నడవడం. బస్కీ రానివాళ్ళు కుర్చీ మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడంతో మొదలుపెట్టాలి. అది 15 సార్లు సులువుగా వచ్చాక కుర్చీకి బదులు ఎత్తు తక్కువ పీట, ఆ తర్వాత బ్యాగు. నేల మీది బరువు ఎత్తేటప్పుడు దాన్ని కాళ్ళకు దగ్గరగా ఉంచుకుని, పిరుదులు వెనక్కి నెట్టి, వీపు తిన్నగా పెట్టి లేవాలి. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగదన్నుతుంది. లాగడానికి సులువైన దారి, ఒక చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, రెండో చేత్తో క్యానును పక్కటెముకల దాకా లాగడం. మోయడానికి రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని మిద్దె మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే సరి.

నెట్టే కదలికలో భారాన్ని సామానేమీ లేకుండానే తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. మామూలు పుషప్‌లో చేతుల మీద ఒంటి బరువులో సుమారు 64 శాతం పడుతుంది. 60 కిలోల మనిషికి అది 38 కిలోలు. మోకాళ్ళు నేలకు ఆనిస్తే 49 శాతానికి దిగుతుంది. చేతులు 60 సెంటీమీటర్ల ఎత్తున పెడితే 41 శాతమే. అంటే ఇంటి ముందర అరుగు ఎత్తును బట్టి భారం మారుతుంది. కాళ్ళే అంత ఎత్తున పెడితే 74 శాతం. గోడ, అరుగు, మెట్టు, నేల అనే వరుసలో దిగుతూ వస్తే కొన్ని నెలల సాధనకు దారి దొరికినట్టే.

మొదటి నెలలో ఒక్కో కదలిక 8 నుంచి 12 సార్లు చొప్పున రెండు విడతలు, మధ్యలో ఒకటి రెండు నిమిషాల విరామం. ఆపేటప్పటికి ఇంకో రెండు మూడు సార్లు చేయగలననిపించాలి. పన్నెండూ సులువైతే బరువు కాస్త పెంచి మళ్ళీ ఎనిమిదికి రావాలి. తేలిక బరువులతో అలసట అంచుదాకా చేసినా కండ పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. గరిష్ఠ బలానికి మాత్రం ఎక్కువ బరువులే కావాలి. గోడమీది క్యాలెండరులో ఆనాటి గడిలో బరువు, ఎన్నిసార్లో రాసిపెట్టుకోవడం ఖరీదైన యాప్ చేసే పనే చేస్తుంది.

పసిపిల్లలున్న ఇంట్లో అసలు కొరత సామానుది కాదు, నిద్రది. రాత్రి మూడుసార్లు లేచిన తల్లికి, నైట్ షిఫ్టు దిగిన తండ్రికి ఆ రోజు భారం పెంచే ప్రయత్నం వద్దు. విడతలు తగ్గించి, బరువు అదే ఉంచితే చాలు. కసరత్తు అంతా ఏకబిగిన చేయాల్సిన పని కూడా లేదు. పొయ్యి మీద ఎసరు కాగేలోపు ఒక విడత, బిడ్డ నిద్రపోయాక ఇంకో విడత వేసుకున్నా ఒంటికి లెక్కే. ఎండాకాలంలో ఎర్రగుంట్ల పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. పగలంతా కాగిన మిద్దె చాలా రాత్రి దాకా సెగలు కక్కుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద చేయాలంటే తెల్లవారుజామునే, లేదంటే లోపల బండల నేల మీదే. ఆ నేల చల్లగా ఉంటుంది గానీ చెమట చుక్క పడితే జారుతుంది, గోనెసంచో దుప్పటో పరచుకోవాలి.

కాన్పు తర్వాతి సంగతి వేరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే మొదలుపెట్టే తల్లుల్లో చాలామంది పొట్ట పొరలు కోసి కుట్టినవాళ్ళు. ఆపరేషన్ తర్వాత 6 నుంచి 8 వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తకపోవడం, డాక్టరు చూసి సరేనన్నాకే బరువుల జోలికి పోవడం మంచిది. బిందెలు మోయడం కూడా బరువెత్తడమే అన్నది ఇంట్లోవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. మామూలు కాన్పయితే కొద్ది రోజులకే నిదానమైన నడక, ఊపిరి వ్యాయామాలు, కటి కండరాలను బిగించి వదలడం మొదలుపెట్టవచ్చు. దగ్గినప్పుడు మూత్రం పడటం, కింద బరువుగా లాగినట్టుండటం, లేచేటప్పుడు పొట్ట మధ్యలో గీతలా ఉబ్బడం కనిపిస్తే ఆ బరువు ఇంకా ఎక్కువని అర్థం. పాలిచ్చే తల్లి ఓ మోస్తరు కసరత్తు చేస్తే పాలు తగ్గవు. బాలింతకు నడుం కట్టు కట్టడం ఆసరా ఇస్తుందేమో గానీ, కండరానికి బదులు కాదు. చంటిబిడ్డను బొటనవేళ్ళు చాచి చంకల కింద పట్టి పదేపదే ఎత్తడంవల్ల మణికట్టు బొటనవేలి వైపు నొప్పి తల్లులకే కాదు, తండ్రులకూ వస్తుంది. అరచేతులు పైకి పెట్టి బిడ్డ కిందినుంచి ఎత్తితే అది చాలావరకు తగ్గుతుంది.

తిండి లెక్క సులువే. భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్ళకు కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోలకు దాదాపు 50 గ్రాములు. కసరత్తు చేసేవాళ్ళకు, పాలిచ్చే తల్లులకు ఇంకా ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో ఉండేది 7 గ్రాములే కాబట్టి సంగటి ఒక్కటే తింటే లెక్క తేలదు. పక్కన చెనక్కాయల ఊరిబిండి, పప్పు, గుడ్డు, పెరుగు పడాలి. 100 గ్రాముల చెనగ్గింజల్లో సుమారు 25, ఉలవల్లో 22, ఒక గుడ్డులో 6 గ్రాములుంటాయి. ఉలవచారు రుచికి సరే, మాంసకృత్తులు ఎక్కువుండేది వడగట్టి తీసేసే గుగ్గిళ్ళలో. రక్తహీనత కూడా చూసుకోవాలి. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండు విడతలకే ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఇంట్లో పాకే బిడ్డ ఉంటే సామాను దాచే చోటు కూడా కసరత్తులో భాగమే. గోడకు ఆనించి నిలబెట్టిన బండ ముక్క బిడ్డ పట్టుకుని లేవబోతే మీద పడుతుంది. బండలెప్పుడూ పడుకోబెట్టే ఉంచాలి. ఊయల కోసం వేసిన కొక్కానికి తాడు కట్టి వేలాడటం చాలామందికి తోచే ఉపాయం. స్లాబులో ఇనుప కమ్మీకి కట్టి పోసిన కొక్కెం తప్ప, తర్వాత మేకులతో బిగించింది పెద్దవాళ్ళ బరువుకు నిలవదు. పిల్లలు పక్కన చేరి బస్కీలు తీస్తుంటే ఆపనక్కర్లేదు. బరువులెత్తితే ఎత్తు పెరగరన్న నమ్మకానికి ఆధారం లేదు. 5 నుంచి 17 ఏళ్ళవాళ్ళకు వారానికి 3 రోజులు కండకు, ఎముకకు బలమిచ్చే ఆటలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. వాళ్ళకు సొంత ఒంటి బరువు చాలు. పెద్దవాళ్ళకు బ్యాగులో బండ ముక్కలు పట్టని స్థాయి వచ్చినప్పుడు, సాధారణంగా ఏడాది సాధన తర్వాత, బరువు మార్చుకునే డంబెల్స్ జత కొంటే డబ్బు వృథా కాదు.