జడవాయువులు గట్టిపడితే: గుంటూరు గ్రహణం నుంచి వజ్రాల మధ్య నలిగిన జినాన్ దాకా

రాజమండ్రి, కాకినాడ వర్క్‌షాపుల్లో స్టీలు వెల్డింగ్‌కి వాడే సిలిండర్‌లో ఉండేది ఆర్గాన్. సుమారు 150 వాతావరణాల పీడనంతో కుక్కి నింపినా అది వాయువుగానే ఉంటుంది. మామూలు గది వేడిలో అది గట్టిపడాలంటే పీడనం 13,000 వాతావరణాల దాకా పెరగాలి. సముద్రమట్టం దగ్గర మనల్ని నొక్కే గాలి బలమే ఒక వాతావరణం.

ఆర్గాన్, హీలియం, నియాన్, క్రిప్టాన్, జినాన్, రేడాన్‌లను జడవాయువులంటారు. ఇవి వేరే మూలకాలతో సులువుగా కలవవు. వాటి అణువుల మధ్య ఆకర్షణ కూడా బహు తక్కువ. అందుకే గట్టిపడటానికి మొరాయిస్తాయి.

అన్నింటికంటే మొండిది హీలియం. దాని కథలో మన కోస్తాకూ చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్‌కు చెందిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి వచ్చిన పాగ్సన్ మచిలీపట్నంలో పరిశీలించారు. సూర్యుడి అంచు వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. ఘనతంతా జాన్సెన్‌కే ఇస్తుంటారు గానీ, ఆ గీత సోడియంది కాదని తేల్చింది ఇంగ్లండ్‌లో లాకియర్. భూమ్మీద హీలియం 1895లో రామ్సేకి దొరికింది.

హాలండ్‌లోని లైడెన్‌లో కమర్లింగ్ ఓన్నెస్ 1908లో దాన్ని ద్రవంగా మార్చారు. మైనస్ 272 డిగ్రీలు దాటి చల్లబరిచినా గడ్డ మాత్రం కట్టలేదు. తేలికైన హీలియం అణువులు ఎంత చలిలోనైనా కదలిక మానవు. 1926లో అక్కడే కీసోమ్ చలికి పీడనం జోడించాక గానీ అది లొంగలేదు. ఆ చలిలో 25 వాతావరణాలు చాలు. గది వేడిలో అయితే లక్షకు పైగా కావాలి.

అంత పీడనం ఇచ్చే పరికరం అరచేతిలో పడుతుంది. రెండు వజ్రాల మొనలను చదునుగా చెక్కి ఎదురెదురుగా పెడతారు. మధ్యలో సన్నటి రంధ్రమున్న లోహపు రేకు, ఆ రంధ్రంలో వాయువు, పక్కన కెంపు రవ్వ. మర బిగిస్తుంటే కెంపు వెలుగు రంగు కొద్దికొద్దిగా జరుగుతుంది. పీడనం లెక్క దాన్నిబట్టే. వజ్రం పారదర్శకం కాబట్టి లోపలి అణువుల అమరికను ఎక్స్‌రేలతో చూడొచ్చు.

1989లో అమెరికా ప్రయోగాల్లో జినాన్‌ను 13 నుంచి 15 లక్షల వాతావరణాల దాకా నొక్కారు. అణువులు మరీ దగ్గరై ఎలక్ట్రాన్లకు దారులు తెరుచుకున్నాయి, జినాన్ లోహమైంది! ఎరుపు కాంతిని పీల్చుకుని ఆకాశనీలంగా కనిపించింది.

భూమి నడిబొడ్డున పీడనం సుమారు 36 లక్షల వాతావరణాలు. మన గాలిలో ఉండాల్సినంత జినాన్ లేదు. ఆ తక్కువైనది భూగర్భంలో ఇనుము, నికెల్‌తో కలిసిపోయి ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తల అనుమానం.