ఒక కప్పు సాకే వెనక నీళ్లు, వలస, పన్ను: నాడా బ్రూవరీల చరిత్ర

ఇవాళ్టి ఎపిసోడ్ జపాన్ నుంచి. కోబే, నిషినోమియా అనే రెండు సిటీల తీరం వెంబడి నాడా అనే ప్రాంతం ఉంది. అక్కడి పాత సాకే బ్రూవరీల్లో గైడ్‌తో కలిసి ఒక రోజంతా టేస్టింగ్ టూర్ చేశాను. ముందే చెప్పేస్తున్నా, ఏ బ్రాండు బాగుంది, ఎంత కిక్కు ఇస్తుంది అని చెప్పే వీడియో కాదిది. ఆ చిన్న కప్పులో అసలు ఏముందని తవ్వుకుంటూ పోతే నాకు మూడు విషయాలు దొరికాయి. కొన్ని బావుల నీళ్లు, కొండల వెనక రైతుల వలస, ఒక ప్రభుత్వం వేసిన పన్ను. ఈ మూడింటి కథే ఇవాళ చెప్పుకుందాం.

ముందు బేసిక్స్. జపనీస్‌లో సాకే అంటే ఏ మద్యమైనా కావచ్చు. మనం సాకే అనే దాన్ని వాళ్లు నిహోన్‌షు అంటారు. బియ్యం, నీళ్లు, ఈస్ట్, కోజి అనే ఒక రకం బూజు, ఇవే సరుకులు. చాలామంది దీన్ని రైస్ వైన్ అనేస్తారు కానీ, అది కరెక్ట్ కాదు. ద్రాక్షలో చక్కెర ముందే ఉంటుంది, బియ్యంలో ఉండేది పిండి. ఆ పిండిని కోజి చక్కెరగా మారుస్తుంది, ఆ చక్కెరను ఈస్ట్ ఆల్కహాల్‌గా మారుస్తుంది. బీరులో ఈ రెండు పనులూ ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. సాకేలో మాత్రం ఒకే తొట్టిలో ఒకేసారి నడుస్తాయి. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే రెండు ప్రాసెస్‌లు ప్యారలల్‌గా రన్ అవుతున్నట్టు. అందుకే బట్టీ పెట్టకుండానే ఇది దాదాపు 20 శాతం ఆల్కహాల్ దాకా వెళ్తుంది. తర్వాత నీళ్లు కలిపి 15, 16 శాతానికి తెచ్చి సీసాల్లో నింపుతారు.

అన్నం పులియడం మనకు కొత్తేం కాదు. మన అమ్మమ్మల ఇళ్లలో తరవాణి కుండ ఉండేది కదా. తేడా ఏంటంటే, ఇక్కడ ఆ పులియబెట్టే పనిని వందల ఏళ్ల పాటు కొలిచి, పరీక్షించి, ఒక పరిశ్రమగా మార్చారు. ఈ పనిలో బౌద్ధ మఠాల పాత్ర పెద్దది. నారా నగరంలోని మఠాల్లో సన్యాసులే సాకే తయారు చేసేవాళ్లు. అక్కడ రాసిపెట్టిన ఒక మఠం డైరీలో, పాడవకుండా ఉండటానికి సాకేని సన్నగా వేడి చేసిన విషయం 16వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. మనం పాశ్చరైజేషన్ అనే పనికి లూయీ పాశ్చర్ పేరు పెట్టింది ఆ తర్వాత దాదాపు 300 ఏళ్లకి!

ఇప్పుడు నాడాకి వద్దాం. బ్రూవరీ గుమ్మం మీద మొదట కనిపించేది దేవదారు కొమ్మలతో కట్టిన పెద్ద గుండ్రటి బంతి. దాన్ని సుగిదామా అంటారు. కొత్త సాకే వచ్చినప్పుడు పచ్చటి బంతి కడతారు. నెలలు గడిచేకొద్దీ అది గోధుమ రంగుకి తిరుగుతుంది. అంటే లోపల సాకే ఎంత ముదిరిందో ఊరందరికీ చెప్పే స్టేటస్ అప్‌డేట్ అన్నమాట.

నాడాలో ఐదు పాత బ్రూవరీ పేటలు ఉన్నాయి. జపాన్ మొత్తం సాకేలో దాదాపు నాలుగో వంతు ఇక్కడి నుంచే వస్తుంది. ఎందుకు ఇక్కడే? వెనక రొక్కో కొండలున్నాయి. అక్కడి నుంచి దిగే వాగుల మీద నీటి చక్రాలు పెట్టి బియ్యాన్ని దంచేవాళ్లు. అప్పట్లో వేరే ఊళ్లలో ఈ పని కాళ్లతో తొక్కి చేసేవాళ్లు. చక్రం వచ్చాక బియ్యం ఇంకా తెల్లగా, ఇంకా చవకగా వచ్చింది. చలికాలంలో కొండ మీద నుంచి చల్లగాలి వీస్తుంది, అది పులియబెట్టడానికి మంచిది. ఎదురుగా సముద్రం. పీపాలు నింపుకున్న ఓడలు నేరుగా ఎడో నగరానికి, అంటే ఇవాళ్టి టోక్యోకి వెళ్లేవి. ముడిసరుకు, వాతావరణం, రవాణా మూడూ ఒకేచోట దొరికాయి.

నాలుగోది నీళ్లు. ఈ కథ నాకు చాలా నచ్చింది. యమమురా తజఎమోన్ అనే వ్యాపారికి రెండు బ్రూవరీలు ఉండేవి. ఒకటి ఉవోజాకిలో, ఇంకొకటి నిషినోమియాలో. ఎప్పుడు చూసినా నిషినోమియా సాకేనే బాగుండేది. ఎందుకు? ఆయన రెండు చోట్లా ఒకే బియ్యం వాడి చూశాడు. అయినా తేడా పోలేదు. పనిచేసే మేస్త్రీలను అటూ ఇటూ మార్చి చూశాడు. అయినా అంతే. చివరికి నిషినోమియా బావి నీళ్లను ఉవోజాకికి మోయించి తయారు చేశాడు. రుచి కుదిరింది! ఇది 1840 నాటి మాట. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు ఒక్కో వేరియబుల్ మార్చుకుంటూ పోతాం చూడండి, అచ్చం అదే పద్ధతి. ఆ నీళ్లను మియామిజు అంటారు. అందులో ఇనుము దాదాపు ఉండదు. ఇనుము ఉంటే సాకే రంగు, వాసన పాడవుతాయి. కోజికీ ఈస్ట్‌కీ బలాన్నిచ్చే ఫాస్ఫరస్, పొటాషియం మాత్రం బాగా ఉంటాయి. ఈ విషయం తెలిశాక మిగతా పేటల వాళ్లంతా ఆ నీళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. బావులున్నవాళ్లకు నీళ్లమ్మడమే ఒక వ్యాపారం అయిపోయింది. ఇవాళ్టికీ సిటీ మధ్యలో ఆ బావులకు కంచె వేసి కాపాడుతున్నారు.

సరే, నీళ్లున్నాయి, బియ్యం ఉంది. మరి పని చేసిందెవరు? టూర్‌లో చాలామంది ఫొటోలు తీసుకుని దాటేసే భాగం ఇదే.

సాకే తయారీ చలికాలం పని. ఆ సీజన్‌లో కొండల అవతల టాంబా ప్రాంతంలో పొలాలు ఖాళీగా ఉంటాయి. అక్కడి రైతులు నడిచి నాడాకి వచ్చి, నెలల తరబడి బ్రూవరీలోనే ఉండి పనిచేసి, వసంతంలో తిరిగి వెళ్లేవాళ్లు. వాళ్ల పెద్దమేస్త్రీని టోజి అంటారు. మన పాలమూరు వలసల గురించి విన్నవాళ్లకు ఈ సీను కొత్తగా అనిపించదు. అయితే అక్కడి పాలకులకు ఈ వలస నచ్చలేదు. రైతు ఊరు వదిలితే పొలం పనులు పడిపోతాయని, శిస్తు తగ్గుతుందని ఆంక్షలు పెట్టారు. అప్పుడు ఇచిహారా అనే ఊరికి చెందిన సెయిబేయి అనే రైతు 1800లో ఎడో దాకా వెళ్లి, నేరుగా తమ ప్రభువుకే అర్జీ పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో పై అధికారులను దాటి అలా అర్జీ ఇవ్వడమే నేరం. కానీ ఆ తర్వాతే చలికాలంలో వంద రోజుల కూలికి వెళ్లడానికి రైతులకు అనుమతి దొరికింది. టాంబా టోజిల పేరు జపాన్ అంతా మోగడం వెనక ఈ తెగింపు ఉంది.

లోపల పని ఎలా ఉండేదంటే, గడియారాలు లేవు కాబట్టి పాటలతో టైం కొలిచేవాళ్లు. ఒక పనికి ఒక పాట. పాట అయిపోతే కలపడం అయిపోయినట్టు. అర్ధరాత్రి చలిలో నిద్ర ముంచుకురాకుండా కూడా ఆ పాటే కాపలా. ఆడవాళ్లను మాత్రం చాలాకాలం బ్రూవరీ లోపలికే రానివ్వలేదు. ఇప్పుడు మహిళా టోజిలు కూడా ఉన్నారు. ఈ రంగంలో ఇది చాలా పెద్ద మార్పు.

ఇక మూడో విషయం, పన్ను. 19వ శతాబ్దం చివర్లో మెయిజీ ప్రభుత్వానికి డబ్బు కావాలి. చైనాతో యుద్ధం అయింది, రష్యాతో ఉద్రిక్తత పెరుగుతోంది. సాకే మీద పన్నులు పెంచుకుంటూ పోయారు. 1899లో రైతులు ఇళ్లలో చేసుకునే చిక్కటి నాటు సాకే, అంటే దొబురోకును పూర్తిగా నిషేధించారు. అందరూ కొనుక్కునే తాగాలి, ప్రతి చుక్కకీ పన్ను రావాలి. ఆ రోజుల్లో దేశం పన్నుల రాబడిలో దాదాపు మూడో వంతు మద్యం నుంచే వచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో బడ్జెట్ వచ్చినప్పుడల్లా ఎక్సైజ్ ఆదాయం మీద జరిగే గొడవ గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. ఇంకో సంగతి, ఇంట్లో సాకే చేసుకోవడం జపాన్‌లో ఇవాళ్టికీ నేరమే.

అయితే ప్రభుత్వానికి రాబడి కావాలంటే సాకే తొట్టెల్లో పాడవకూడదు. అందుకే 1904లో ప్రభుత్వమే బ్రూయింగ్ పరిశోధన సంస్థ పెట్టింది. మంచి బ్రూవరీల ఈస్ట్‌ని వేరుచేసి దేశమంతా పంచారు. మొదటి నంబర్ ఈస్ట్ మన తజఎమోన్ కుటుంబం బ్రూవరీ నుంచే వచ్చింది. తర్వాత యుద్ధకాలంలో బియ్యం కరువొచ్చింది. యుద్ధం ముగిశాక కూడా బయటి ఆల్కహాల్, చక్కెర కలిపి ఒక సాకేని మూడింతలు చేసి అమ్మారు. ఆ పద్ధతి సాకే పేరును చాలా ఏళ్లు దెబ్బతీసింది. ఇప్పుడు సీసా మీద జున్‌మాయి అని ఉంటే బయటి ఆల్కహాల్ కలపలేదని అర్థం. దాయిగింజో అంటే బియ్యపు గింజను కనీసం సగం అరగదీసి, మిగిలిన తెల్లటి గుండెతోనే చేశారని అర్థం.

టేస్టింగ్ కప్పు గురించి కూడా చెప్పాలి. తెల్ల పింగాణీ కప్పు అడుగున రెండు నీలం వలయాలుంటాయి. అది డిజైన్ కాదు, టెస్టింగ్ టూల్. నీలం అంచు మసకగా కనిపిస్తే సాకే తేటగా లేదని, తెలుపు మీద పసుపు కనిపిస్తే రంగు పట్టిందని తెలుస్తుంది. మీరు ఎప్పుడైనా వెళ్తే రెండు రూల్స్ గుర్తుపెట్టుకోండి. అక్కడ 20 ఏళ్లు నిండితేనే తాగనిస్తారు. తాగి బండి నడిపితే నడిపినవాళ్లకే కాదు, తెలిసీ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా శిక్ష ఉంటుంది. ఇంకా, తయారీ సీజన్‌లో ఉదయం నత్తో తిని రావద్దంటారు. ఆ పులిసిన సోయాలో ఉండే బ్యాక్టీరియా కోజిని పాడుచేస్తుందని భయం.

1995 జనవరి 17, ఉదయం 5:46. కోబే భూకంపం. నాడాలో శతాబ్దాల నాటి చెక్క బ్రూవరీలు చాలావరకు నేలమట్టం అయ్యాయి. ఇవాళ మనం చూసే మ్యూజియంలలో కొన్ని ఆ తర్వాత మళ్లీ కట్టినవే. సావానోత్సురు మ్యూజియం కూడా అలాగే కూలింది. దాన్ని తిరిగి కట్టేముందు తవ్వితే, సాకే పిండే పాత స్థలం భూమి లోపల బయటపడింది. పెద్ద కంపెనీలు కోలుకున్నాయి, కొన్ని చిన్నవి మళ్లీ తలుపులు తెరవలేదు. దానికితోడు సాకే అమ్మకాలు 1970లలో శిఖరానికి చేరి, అప్పటి నుంచి తగ్గుతూనే ఉన్నాయి. చలికాలం వలసొచ్చే రైతులు కూడా దాదాపు లేరు. ఆ చోట జీతం ఉద్యోగులు, ఏసీ గదులు, కంప్యూటర్ సెన్సర్లు వచ్చాయి.

2024 డిసెంబర్‌లో యునెస్కో కోజితో చేసే ఈ సంప్రదాయ తయారీ నైపుణ్యాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కానీ నన్నడిగితే, ఆ గుర్తింపు రుచికి కాదు, చేతులకు. పాట పాడుతూ రాత్రంతా తొట్టెలు కలిపిన రైతులు, వాళ్ల కోసం శిక్షకు కూడా సిద్ధపడి అర్జీ పట్టుకెళ్లిన సెయిబేయి లేకపోతే ఆ నీళ్లు బావిలోనే ఉండేవి. సీసా లేబుల్ మీద కంపెనీ పేరు ఎప్పుడూ ఉంటుంది. మీరు ఎక్కడ ఏ టూర్‌కి వెళ్లినా, అది చేనేత కావచ్చు, టీ తోట కావచ్చు, గైడ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఇక్కడ పనిచేసినవాళ్లు ఏ ఊరి నుంచి వచ్చారు?

మీ ఊళ్లో ఇలాంటి పాత పనితనం ఏదైనా ఉంటే కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను ఫ్రెండ్స్.