ఆ బాక్టీరియా ఇంటిపేరేమిటి?



ఒకే వార్డులో ఇద్దరు రోగులకు ఒకే బాక్టీరియా సోకిందనుకోండి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుందా, లేక ఎవరికి వారు బయటి నుంచి తెచ్చుకున్నారా? పేరొక్కటే తెలిస్తే జవాబు దొరకదు. ఊళ్ళో సుబ్బారావులు ఎంతమంది ఉండరు! ఇంటిపేరు తెలిస్తేనే ఫలానా అని చెప్పగలం. డాక్టర్లు ఆ ఇంటిపేరు వెతికిన కథే ఈ వారం మన ముచ్చట.

1950లలో ఇందుకు ఫేజ్‌లు వాడేవారు. ఇవి బాక్టీరియాను చంపే వైరస్‌లు. బాక్టీరియా పెంచిన పళ్ళెంలో రకరకాల ఫేజ్ చుక్కలు వేసి, ఏ చుక్క దగ్గర చస్తుందో చూసేవారు. సిడ్నీలో ఫిలిస్ రౌంట్రీ ఈ దారిలోనే పసికందులను పీడించిన స్టాఫిలోకాకస్ రకాన్ని పట్టుకున్నారు. 80/81 అని పేరుపడ్డ ఆ రకం పెన్సిలిన్‌కు లొంగేది కాదు. అమెరికా, కెనడా ఆసుపత్రుల్లోనూ బయటపడింది.

1984లో ష్వార్ట్జ్, కాంటర్ పెద్ద డీఎన్‌ఏ ముక్కలను కరెంటుతో విడదీసే పద్ధతి ప్రకటించారు. ఆ ముక్కలు చారలుగా కనిపిస్తాయి. చారలు పోల్చి రకాలు చెప్పేవారు. అయితే దగ్గరి చుట్టాలకు చారలూ ఒకేలా ఉంటాయి.

ఆ చిక్కు 2011లో మేరీల్యాండ్‌లోని ఎన్‌ఐహెచ్ క్లినికల్ సెంటర్‌కు ఎదురైంది. జూన్‌లో న్యూయార్క్ నుంచి వచ్చిన ఒకావిడలో మందులకు లొంగని క్లెబ్సియెల్లా ఉందని తెలిసి విడిగా ఉంచారు. జూలైలో ఆమె వెళ్ళిపోయారు. ఆగస్టులో ఇంకొకరిలో అదే కనబడింది! మొత్తం 18 మందికి సోకింది. 11 మంది పోయారు, వారిలో ఆరుగురి మరణానికి ఈ ఇన్ఫెక్షనే కారణం.

అమెరికాలో అప్పటికే బాగా వ్యాపించిన రకం కాబట్టి చారలతో ఏదీ తేలదు. జూలీ సెగ్రే, ఎవాన్ స్నిట్కిన్ బృందం బాక్టీరియా డీఎన్‌ఏ అంతా, అంటే సుమారు 60 లక్షల అక్షరాలు చదివింది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి తేడా వెతికినట్టే. తేడాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. అన్నిటికీ మూలం ఆ మొదటి రోగే! కొందరిలో అది ఏ లక్షణమూ లేకుండా దాగి ఉంది. శుభ్రం చేసిన వెంటిలేటర్ మీదా, సింకు గొట్టాల్లోనూ దొరికింది. ఈ వివరాలు 2012లో ప్రచురించారు.

ఇంటిపేరు తేలితే లాభమేమిటంటారా? రకాలు వేరైతే రోగులు విడివిడిగా తెచ్చుకున్నట్టు. ఒకటే అయితే దారి ఆసుపత్రి లోపలే ఉందన్నమాట. ఆ దారి దొరికితేనే మూయగలం. ఈలోగా మనవాళ్ళెవరైనా ఆసుపత్రిలో ఉంటే, మంచం దగ్గరికి వచ్చేవారిని "చేతులు కడుక్కున్నారా?" అని అడగడానికి మొహమాటపడకండి.