రక్త నమూనా సేకరణలో దోషాలు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు

పరీక్ష కోసం రక్తం తీయడానికి రోగిని సిద్ధం చేసిన క్షణం నుంచి ఆ రక్తం ల్యాబ్‌లో యంత్రం దగ్గరకు చేరేవరకు జరిగే పొరపాట్లను రక్త నమూనా సేకరణ దోషాలు అంటారు. వేళ తప్పడం, ఒకరి పేరు మీద మరొకరి రక్తం వెళ్లడం, ట్యూబు మారడం, ఎర్రకణాలు పగిలిపోవడం, రక్తం గడ్డకట్టడం, దారిలో ఆలస్యం కావడం వీటిలో ముఖ్యమైనవి. ఇలాంటి సందర్భాల్లో యంత్రం సరిగానే కొలుస్తుంది గానీ దానికి అందిన రక్తమే రోగి అసలు స్థితిలో ఉండదు. ఉత్తర కోస్తాలోని ఈ రెండు జిల్లాల్లో బోదకాలు, మన్యం మలేరియా, ఉద్దానం కిడ్నీ జబ్బు అనే మూడు పెద్ద ఆరోగ్య సమస్యలూ రక్త పరీక్ష చుట్టూనే తిరిగాయి. అందువల్ల సేకరణ దోషాల చరిత్ర ఇక్కడ ఆస్పత్రి గోడల మధ్య కంటే ఊళ్లలోనే ఎక్కువగా నడిచింది.

ఆయుర్వేదంలో రక్తమోక్షణం ప్రాచీన చికిత్స. అయితే అది జబ్బు తగ్గించడానికి చేసేదే. కొలిచి చూడడానికి రక్తం తీసే అలవాటు 19వ శతాబ్దం దాకా లేదు.

రాత్రి రక్తం

1872లో కలకత్తాలో టిమోతీ లూయిస్ మనిషి రక్తంలో బోదకాలు పురుగు పిల్లలైన మైక్రోఫైలేరియాలను గుర్తించాడు. ఆ దశాబ్దం చివర్లో చైనా తీరంలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న వైద్యుడు పాట్రిక్ మాన్సన్, ఇవి రాత్రిపూటే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయని చూపించాడు. పగలు ఇవి ఎక్కువగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోతాయని తర్వాత తేలింది. రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమల వేళకు ఈ రాకపోకలు సరిపోతాయి. బోదకాలు పాతుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకు దీని ఫలితం చాలా పెద్దది. ఒంట్లో పురుగు ఉన్నవాడి వేలి నుంచి మధ్యాహ్నం తీసిన చుక్కలో ఏమీ కనబడకపోవచ్చు. గాజుపలక, రంగు, సూక్ష్మదర్శిని, చూసే మనిషి అన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం తప్పుతుంది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైనప్పుడు రాత్రి రక్త సర్వే దానికి పునాది అయింది. సిబ్బంది చీకటి పడ్డాక ఊళ్లోకి వెళ్లి, రాత్రి ఎనిమిదిన్నర నుంచి అర్ధరాత్రి వరకు ఇంటింటికీ తిరిగి నిద్రపోతున్నవాళ్లను లేపి, వేలికి సూది గుచ్చి 20 క్యూబిక్ మిల్లీమీటర్ల రక్తాన్ని గాజుపలక మీద మందంగా పూసేవారు. పొద్దున్నే పొలానికో వేటకో పోవలసిన వాళ్లను ఆ వేళలో ఒప్పించడం కష్టమైన పని. ఊరు పడుకోకముందే పని ముగించాలని తొందరపడితే పురుగుల లెక్క తగ్గిపోతుంది. కొలత లేకుండా చుక్క పూసినా అంతే. లాంతరు వెలుగులో పలక మీద రాసిన నంబరు, రిజిస్టరులో రాసిన పేరు ఒకటి కాకపోతే పక్కింటివాడికి మందు వెళుతుంది. ఈ అడ్డంకులన్నిటి మధ్య దశాబ్దాల పాటు సాగిన రాత్రి సర్వేలు భారత ప్రజారోగ్య చరిత్రలో ఓర్పుతో జరిగిన గొప్ప పనుల్లో ఒకటి.

పగటిపూట పరీక్షకు దారి చూపిన మందుకు ఒక తెలుగువాడి పేరుతో సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, 1947లో, డైఇథైల్ కార్బమజీన్ ఫైలేరియా మందుగా వెలుగులోకి వచ్చింది. ఈ మందు 100 మిల్లీగ్రాములు మింగించి అరగంట, గంట మధ్యలో రక్తం తీస్తే పగలైనా మైక్రోఫైలేరియాలు పైరక్తంలోకి వస్తాయి. 2004 నుంచి ఏటా సామూహికంగా పంచిన మందు కూడా ఇదే. తర్వాత పురుగు ప్రతిజనకాన్ని పట్టే కార్డు పరీక్షలు వచ్చి రాత్రి వేళ నిబంధనను తొలగించాయి. కానీ వాటికీ గడియారం తప్పలేదు. నిర్ణీత మోతాదులో రక్తం వేసి సరిగ్గా 10 నిమిషాలకు గీత చదవాలి. ఆలస్యంగా చదివితే లేని గీత తేలవచ్చు.

మన్యం పలకలు

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఈ జిల్లాలకు ఆనుకుని ఉన్న జయపురం కొండల్లో మలేరియా తీవ్రతపై ఇ.ఎల్. పెర్రీ నివేదిక 1914లో వెలువడింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చాక అప్పట్లో ఈ జిల్లాల్లోనే ఉన్న పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ గ్రామాల నుంచి పూతపలకలు కిందికి రావడం మొదలైంది. జ్వరం ఉన్నవాడి పలక ల్యాబ్‌కు చేరేసరికి రోజులు గడిచేవి. ఎండకు మందపు పూత గాజుకు అతుక్కుపోయి హిమోగ్లోబిన్ కరగదు, క్రిములు కనబడవు. వానాకాలం తేమకు బూజు పడుతుంది. ఈగలు, చీమలు పూతను తినేస్తాయి. మాత్ర మింగాక తీసిన రక్తంలో క్రిములు తగ్గిపోతాయి. ఆశా కార్యకర్తల చేతికి ర్యాపిడ్ కిట్లు వచ్చాక ఈ దోషాల్లో చాలావరకు తొలగిపోయాయి.

ఆస్పత్రి, సిరంజి, ట్యూబు

1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి ఏర్పడ్డాయి. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో వేరు జిల్లాలు అయ్యాక కూడా పెద్ద పరీక్షలకు జనం అక్కడికే వెళ్లేవారు. గాజు సిరంజిలను మరిగించి వాడిన కాలంలో సూదిలో నీటి తడి మిగిలినా ఎర్రకణాలు పగిలేవి. సన్న సూదితో బలంగా లాగినా, ట్యూబులోకి ఒత్తి చిమ్మినా ఇదే జరుగుతుంది. ల్యాబ్ వాళ్లు దీన్ని హెమోలైజ్ అయింది అంటారు. సీరం పసుపుగా ఉండాల్సింది ఎర్రబారుతుంది. కణాల్లోని పొటాషియం, ఫాస్ఫేటు బయటికి వచ్చి అంకెలు పెరుగుతాయి. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రసిద్ధ పద్ధతి కూడా సుబ్బారావుదే. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన దాన్ని ప్రచురించాడు.

1949లో జోసెఫ్ క్లైనర్ గాలి తీసేసిన ట్యూబుకు పేటెంటు పొందాడు. రంగు మూతల ట్యూబులు ఆ తర్వాత ప్రపంచమంతా వ్యాపించాయి. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ పొటాషియం లవణం. దాన్నుంచి కొంచెం రక్తం ఎర్రమూత ట్యూబులోకి ఒంపితే పొటాషియం అంకె అబద్ధంగా పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. అందుకే ఏ ట్యూబు తర్వాత ఏది నింపాలో ఒక వరుసను 1982లో కాలమ్, కూపర్ సూచించారు. దోషాల లెక్క తీసినవాళ్లలో ఇటలీలోని పాడువా ఆస్పత్రికి చెందిన మారియో ప్లెబానీ ముఖ్యుడు. అత్యవసర ల్యాబ్‌లో దొరికిన తప్పుల్లో 68.2 శాతం పరీక్షకు ముందు దశలోనివేనని 1997లో ఆయన బృందం చూపించింది. పదేళ్ల తర్వాత మళ్లీ చూస్తే అది 61.9 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రక్తం తీసే పద్ధతిపై 2010లో మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఉద్దానం

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలతో కూడిన ఉద్దానంలో కారణం అంతుపట్టని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు విస్తరించి ఉంది. కింగ్ జార్జి ఆస్పత్రి కిడ్నీ వైద్యుడు టి. రవిరాజు తదితరులు 2000 తర్వాతి సంవత్సరాల్లో దీన్ని వైద్యలోకం దృష్టికి తెచ్చారు. 2019, 2020లలో వెలువడిన రెండు అధ్యయనాలు ఇక్కడి పెద్దల్లో సుమారు 18 నుంచి 21 శాతం మందిలో కిడ్నీ జబ్బు లక్షణాలు ఉన్నట్టు చూపాయి. కొబ్బరి, జీడితోటల మధ్య ఉన్న ఈ ఊళ్లలో కిడ్నీల పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎంతో అడిగితే చదువురాని వాళ్లూ తమ అంకె చెబుతారు.

అంత బరువు మోసే అంకె కాబట్టే సేకరణ దోషానికి ఇక్కడ విలువ ఎక్కువ. 45 ఏళ్ల పురుషుడికి క్రియాటినిన్ 1.2 ఉంటే, 2009 నాటి సూత్రం ప్రకారం కిడ్నీ వడపోత వేగం దాదాపు 73. అదే 1.4 అయితే 60. జబ్బు గీత 60 దగ్గరే ఉంది. ముందురోజు రాత్రి మాంసం తిన్నా, ఎండలో తోటపని చేసి నీళ్లు తాగకుండా వచ్చి రక్తం ఇచ్చినా అంకె పైకి జరుగుతుంది. మాక్స్ జాఫే 1886లో కనుగొన్న రసాయన చర్య మీద నడిచే పరీక్షలు చాలా ల్యాబుల్లో ఇంకా ఉన్నాయి. వాటిలో అధిక చక్కెర, కీటోన్లు క్రియాటినిన్‌లా కనబడతాయి. కామెర్ల రక్తంలో అంకె తగ్గి చూపవచ్చు. సీరం వేరుచేయకుండా గంటల తరబడి ఉంచినా తేడా వస్తుంది. ఒక్క పరీక్షతో జబ్బు ముద్ర వేయకూడదని, మూడు నెలల ఎడంలో మళ్లీ చూడాలని అంతర్జాతీయ నియమం చెబుతున్నది. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డయాలసిస్‌కు వెళ్లని కిడ్నీ రోగులకు క్రియాటినిన్ 5 మిల్లీగ్రాములు దాటడం, వడపోత వేగం 15 కంటే తగ్గడం అర్హతలుగా ఉన్నాయి. ఒక ట్యూబు రక్తం ఎలా తీశారన్నదానిపై ఒక కుటుంబం నెలసరి ఆదాయం ఆధారపడి ఉంటుందన్న మాట.

డయాలసిస్ రోగుల్లో పొటాషియం మరింత సున్నితం. రబ్బరు కట్టు నిమిషానికి మించి ఉంచి, పిడికిలి పదేపదే బిగించి తెరవమంటే పొటాషియం 1 మిల్లీ ఈక్వివలెంట్ దాకా పెరుగుతుంది. అది నిజమనుకుంటే లేని ప్రమాదానికి మందు పడుతుంది. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతిని పరీక్ష రక్తం కోసం ముట్టుకోకూడదు. రెండో చేతిలో నరం దొరకక, సెలైన్ ఎక్కుతున్న చోటికి పైభాగంలో సూది వేస్తే రక్తంతో పాటు సెలైనూ వస్తుంది, చాలా అంకెలు పలచబడతాయి.

దూరం మరో కారణం. పలాస నుంచి విశాఖకు 150 కిలోమీటర్లకు పైబడిన దారి. రక్తాన్ని తిప్పి సీరం వేరుచేయకుండా పంపితే, ఎర్రకణాలు గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున చక్కెరను కాల్చేస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు ఈ నష్టాన్ని మొదటి గంట, రెండు గంటల తర్వాతే పూర్తిగా ఆపగలదు. చల్లగా ఉంచితే మంచిదని వేరుచేయని రక్తాన్ని ఐసులో పెడితే పొటాషియం బయటికి కారుతుంది. 2016 జనవరిలో మొదలైన ఎన్టీఆర్ వైద్య పరీక్ష పథకం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచిత పరీక్షలు అందించింది. పేదలకు ఇది నిస్సందేహంగా మేలు. అయితే నమూనా ఒకచోట, యంత్రం మరోచోట ఉండే ఏర్పాటులో దారి కూడా పరీక్షలో భాగమైపోయింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. దానితో రోగికి, యంత్రానికి మధ్య దూరం మొదటిసారి గణనీయంగా తగ్గింది.

పేర్లు

సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి పేర్లు ఈ జిల్లాల్లో ఇంటింటా వినబడతాయి. ఒకే వార్డులో ఇద్దరు అప్పలనాయుళ్లు, ముగ్గురు పైడిరాజులు ఉండడం వింతేమీ కాదు. సింహాచలం అనే పేరు ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఉంటుంది. పేరు పిలిస్తే వినీ వినకుండా "ఆఁ" అనే వృద్ధుడి రక్తం మరొకరి చీటీతో వెళ్లడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. రక్తం ఎక్కించడానికి గ్రూపు చూసే నమూనాలో ఇలా జరిగితే ప్రాణాపాయం. పేరుతో పాటు మరో గుర్తింపు తప్పనిసరి అనే నియమాన్ని అమెరికాలో జాయింట్ కమిషన్ 2003లో పెట్టింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే సూచించింది. పేరు చెప్పి అవునా అని అడగకుండా రోగి చేతనే పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు చెప్పించడం, రక్తం తీశాక మంచం పక్కనే ట్యూబు మీద చీటీ అంటించడం సరైన పద్ధతి. ముందుగానే చీటీలు అంటించిన ఖాళీ ట్యూబుల గుత్తితో వార్డు తిరగడం అతి ప్రమాదకరమైన అలవాటు.

ఇటీవలి కాలం

నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ, 2008లో శ్రీకాకుళంలో రిమ్స్, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. ల్యాబుల నాణ్యతకు ఐఎస్ఓ 15189 ప్రమాణం ఉంది. అందులో నమూనా సేకరణ, తిరస్కరణ నియమాలు కూడా భాగమే. గడ్డకట్టిన నమూనాను వెనక్కి పంపే అధికారం ల్యాబ్‌కు ఉండడం ఈ ప్రమాణంలోని మెచ్చదగిన అంశం.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్‌తో మన్యం గ్రామాలకు వేలి రక్తపు పరీక్షలు మళ్లీ చేరాయి. వాటిలో ఒకటైన ద్రావణీయత పరీక్ష ఆరు నెలల లోపు పసిపిల్లల్లోనూ, రక్తహీనత తీవ్రంగా ఉన్నవాళ్లలోనూ జబ్బును చూపకపోవచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్న వ్యక్తి నుంచి తీసిన నమూనాలో దాత హిమోగ్లోబిన్ కలిసి ఉంటుంది. అలాంటివారికి సాధారణంగా మూడు నెలలు ఆగి మళ్లీ రక్తం తీస్తారు.