నేల తాడి: గుర్తించడం, నీడ తోటల్లో పెంచడం

నర్సీపట్నం, గొలుగొండ, చింతపల్లి వైపు అడవుల్లో తొలకరి తర్వాత నేలకు అంటుకుని పసుపు పూలు పూసే చిన్న మొక్క నేల తాడి. దీనిని నల్ల ముస్లి, సంస్కృతంలో తాలమూలి అంటారు. శాస్త్రీయ నామం కుర్కులిగో ఆర్కియాయిడిస్. దీని దుంపను ఆయుర్వేదంలో వాడతారు. దుంప కోసం మొక్కను మొత్తం పీకేస్తే ఆ చోట మళ్లీ మొలవదు. అందుకే అడవిని ఖాళీ చేయకుండా తోటలో పెంచుకోవడం మేలు.

మొక్క లక్షణాలు

- ఎత్తు జానెడు నుంచి మూరెడు లోపే. పైకి కాండం కనిపించదు.
- ఆకులు తాటి మొలకలా సన్నగా, పొడవుగా, మడతలతో ఉంటాయి. ఆకు కొన నేలకు తగిలితే అక్కడ పిల్ల మొక్క వస్తుంది.
- పువ్వుకు 6 రేకులు, 6 కేసరాలు. అండాశయం, కాయ మట్టిలోనే ఉంటాయి. గింజలు నల్లగా మెరుస్తాయి.
- దుంప నిలువుగా నేలలోకి దిగుతుంది. పైన నలుపు, లోపల తెలుపు.

తోటల్లో అందానికి పెంచే ఐరిస్, నేల తాడి ఒకే క్రమానికి చెందినవి. కుటుంబాలు వేరు. ఐరిస్‌కు 3 కేసరాలే ఉంటాయి.

పొరపాటు పడవద్దు

ఈత మొలక ఆకు గట్టిగా, కొన ముల్లులా ఉంటుంది. దానికి నల్ల దుంప ఉండదు. అడవినాభి దుంప నాగలి ఆకారంలో ఉంటుంది, ఆకు కొన తీగలా చుట్టుకుంటుంది. అది ప్రాణాంతక విషం. రెండు దుంపలూ కలవకుండా చూడాలి. ఏ దుంపనూ వైద్యుని సలహా లేకుండా తినవద్దు.

పెంపకం

కొబ్బరి, మామిడి, జీడిమామిడి తోటల్లో పలుచని నీడ, నీరు నిలవని నేల అనుకూలం. మొగ్గ ఉన్న పై భాగాన్ని 1.5 నుంచి 2 సెం.మీ. ముక్కగా కోసి, తొలకరిలో 10 సెం.మీ. ఎడంతో నాటాలి. పశువుల ఎరువు బాగా వేయాలి. మొక్కలు చిన్నవి కాబట్టి కలుపు తీయడం ముఖ్యం. 7 - 8 నెలలకు దుంపలు తవ్వి, కడిగి ఆరబెట్టాలి. పై ముక్కలను మళ్లీ నాటుకోవాలి.

ముందు కొద్ది సెంట్లలో వేసి చూడండి. కొనేవారు ఖాయం కాకుండా ఎకరాల్లో వేయవద్దు. రిజర్వు అడవిలో అనుమతి, హక్కు లేకుండా తవ్వడం నేరం. హక్కు ఉన్న గిరిజన రైతులు కూడా గింజ రాలాకే తవ్వి, దుంప తల భాగాన్ని అక్కడే పాతిపెట్టాలి.